వీధిలో మాట రాకుండా కుక్కను పెంచుకోవాలంటే

కుక్కపిల్లను తెచ్చుకుందామనుకునేవాళ్ళు నా దగ్గరకొచ్చి మొదట అడిగేది "ఏ జాతైతే బాగుంటుంది బాబూ?" అని. నేను తిరిగి అడిగేది "మీ గోడ అవతల ఎవరున్నారు?" అని. పర్లాకిమిడి పాత వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒకరు పోపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ముతారు. అలాంటి చోట కుక్క మీ ఒక్కరిదే కానీ దాని అరుపు మాత్రం అందరిదీ.

నేను ఒడిశాలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. వీధిలో తెలుగువాళ్ళూ ఒరియావాళ్ళూ ఇప్పటికీ "ఎల్ఐ బాబు" అనే పిలుస్తారు. డాక్టర్ని కాను. సూదులు వెయ్యడం, కట్లు కట్టడం, పురుగుల మందు పట్టించడం నా పని. నా దాకా వచ్చిన కుక్కల తగాదాల్లో ఎక్కువ భాగం ముందుగా ఒక మాట అనుకోకపోవడం వల్ల వచ్చినవే. అందుకే ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం కుక్క గురించి, సగం పొరుగువాళ్ళ గురించి ఉంటుంది.

తెచ్చే ముందు

పిల్లను తేవడానికి వారం ముందే అటూ ఇటూ ఉన్న ఇళ్ళకు వెళ్ళండి. ఫోన్ చేసి చెప్పడం వేరు, గుమ్మంలో నిలబడి చెప్పడం వేరు. "వదినా, కుక్కపిల్లను తెస్తున్నాం. మొదట్లో తల్లి కోసం రాత్రుళ్ళు ఏడుస్తుంది, కాస్త ఓర్చుకోవాలి" అంటే చాలు. అలా చెప్పించుకున్నవాళ్ళు అది ఏడ్చినప్పుడు "పసిది కదా" అంటారు. చెప్పించుకోనివాళ్ళు పొద్దున్నే తలుపు కొడతారు. ఆ ఇంట్లో కుక్కంటే భయపడేవాళ్ళు, పాకే పిల్లలు, గుండె జబ్బువాళ్ళు, నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు ఉన్నారేమో అడిగి తెలుసుకోండి. దాన్ని ఎక్కడ కడతారో, ఏ వేళకు బయటికి తిప్పుతారో ఆ తెలిసినదాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

జాతి సంగతి. వైశాఖంలో మన దగ్గర ఎండకు తోడు ఉక్కపోత. ఆ కాలంలో చలి దేశాల హస్కీనో సెయింట్ బెర్నార్డునో పెంచడమంటే ఏసీ గదిలో కట్టెయ్యడమే, కరెంటు పోయిన రాత్రి దాని పక్కన కూర్చుని విసరడమే. నన్నడిగితే వీధిలో పుట్టిన నాటు పిల్లకు మించింది లేదు. ఈ ఎండకు అలవాటుపడ్డ ఒళ్ళు, పొట్టి బొచ్చు, తక్కువ తిండి. ధనుర్మాసంలో ఏ సందులో చూసినా నాలుగు పిల్లలుంటాయి. జాతి కుక్కే కావాలంటే మాత్రం ఎనిమిది వారాలు నిండని పిల్లను కొనకండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అంతకంటే చిన్నదాన్ని అమ్మకూడదు. దానికి కారణం కూడా ఉంది. తోడబుట్టినవాటితో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. పళ్ళు ఎంత వరకు దిగనివ్వాలో పిల్ల నేర్చుకునేది అక్కడే. నెలకే తల్లి నుంచి విడదీస్తే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద జరుగుతుంది.

సూదులు, కార్డు

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి ప్రాణాంతక రోగాలకు కలిపి వేసే మొదటి సూది పడాలి. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పిల్లకు నాలుగు నెలలు నిండేదాకా బూస్టర్లు, అంటే అదే సూది మళ్ళీ, వెయ్యాలి. పిచ్చికుక్క రోగానికి, అంటే రేబిస్‌కు, మూడు నెలలప్పుడు మొదటి సూది, డాక్టరు చెప్పిన రోజున బూస్టరు, అక్కడి నుంచి ఏటేటా ఒకటి. పేగు పురుగుల మందు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి పట్టించాలి.

చాలామంది తెలియక చేసే పని ఒకటుంది. మందుల షాపులో వ్యాక్సిన్ సీసా కొని, స్కూటర్ డిక్కీలో పడేసి, మార్కెట్ పని చూసుకుని, మధ్యాహ్నానికి "వెయ్యండి బాబూ" అని వస్తారు. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వేడికి పాడైన మందు చూడటానికి మామూలుగానే ఉంటుంది, సూదీ పడుతుంది, కార్డులో స్టిక్కరూ పడుతుంది, రక్షణ మాత్రం ఉండదు. ఐసుగడ్డలు వేసిన ఫ్లాస్కులో తీసుకెళ్ళండి. లేదంటే కుక్కనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఫ్రిజ్‌లోంచి తీసిన మందు అక్కడే వేయించండి. వేశాక సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించి, తేదీ రాసి, సంతకం చేస్తేనే అక్కడి నుంచి కదలండి.

ఝోటి మీద దొడ్డికి

మార్గశిర మాసం గురువారాల్లో మా వీధిలో ఒరియా ఇళ్ళవాళ్ళు తెల్లవారకముందే లేచి, గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. ఆ ముగ్గునే వాళ్ళు ఝోటి అంటారు. మనవాళ్ళ ముగ్గులు ఎలాగూ ఏడాది పొడుగునా ఉంటాయి. సరిగ్గా అదే వేళకు మనం కుక్కను వదులుతాం. అది వెళ్ళి వెళ్ళి ఆ పాదాల మీదే కూర్చుంటుంది. ఆ ఇంటావిడ ఏమీ అనకపోవచ్చు, మర్నాటి నుంచి మీ ఇంటివైపు చూడటం మానేస్తుంది.

కుక్క సాధారణంగా తిన్న కాసేపటికి, నిద్ర లేచిన వెంటనే దొడ్డికి వెళ్తుంది. రోజూ ఒకే వేళకు తిండి పెడితే దొడ్డికి వెళ్ళే వేళ కూడా కుదురుతుంది. గొలుసు చేత్తో పట్టుకుని, ముగ్గులు లేని చోటికి, ఖాళీ స్థలం వైపు తీసుకెళ్ళండి. జేబులో రెండు కవర్లు ఉంచుకోండి. ఒకటి చేతికి తొడుక్కుని తియ్యడానికి, రెండోది అందులో వెయ్యడానికి. పల్చగా అయితే పైన గుప్పెడు బూడిదో ఇసుకో చల్లి, పాత తాపీతో గీకి ఎత్తితే మచ్చ మిగలదు. కాలవలోకి తొయ్యొద్దు. దొడ్డి ఉన్నవాళ్ళు బావికి దూరంగా గుంట తీసి పూడ్చుకోవచ్చు. "మట్టిలో మట్టి అవుతుంది కదా" అనేవాళ్ళకు ఒక మాట. కుక్క పేగుల్లోని పురుగుల గుడ్లు దాని దొడ్డితోనే బయటికొస్తాయి. కొంకిపురుగు పిల్లలు ఉత్తి కాళ్ళతో తిరిగే మన పిల్లల అరికాలి చర్మంలోంచి లోపలికి దూరతాయి. పురుగుల మందు పట్టించడం, ఎత్తిపారెయ్యడం రెండూ కలిస్తేనే పని పూర్తయినట్టు.

గుమ్మం ముందు నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు కట్టుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ సీసా పక్కనే కుక్క కాలెత్తడం నా కళ్ళతో చూశాను. కట్టినవాళ్ళను చూసి నవ్వకండి. ఆ సీసా మీకు పెట్టిన అర్జీ అనుకోండి.

గొలుసు, అరుపు

పగలంతా రెండు మూరల గొలుసుతో మెట్ల కింద కట్టేసిన కుక్క రాత్రంతా అరుస్తుంది. దానికి తెలిసిన పని అదొక్కటే. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపించండి, అరుపు సగానికి తగ్గుతుంది. ఎండాకాలంలో తిప్పబోయే ముందు అరచేతి వెనక వైపు సిమెంటు రోడ్డు మీద ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. వీధి కనిపించే గేటు దగ్గర కాకుండా ఇంటి వెనక వైపు కట్టండి. వచ్చేపోయే ప్రతి సైకిలూ కనిపిస్తుంటే అరవక ఏం చేస్తుంది.

బరువైన గొలుసుతో, మరీ పొట్టి తాడుతో గంటల తరబడి కట్టెయ్యడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. అందులో మొదటిసారి తప్పుకు రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ డబ్బుకు సరిహద్దు అవతల పాతపట్నంలో ప్లేటు బజ్జీలు వస్తాయేమో. అయితే మీ నిర్లక్ష్యం వల్ల కుక్క మనుషుల మీదకు వచ్చే పరిస్థితి తెస్తే అది వేరే లెక్క. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కరిస్తే

"మొరిగే కుక్క కరవదు" అని ఎవరన్నారో గానీ వాళ్ళకు సూది వెయ్యాల్సి వచ్చి ఉండదు. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. భయపడ్డది, తింటున్నది, పిల్లల తల్లి మరీ త్వరగా కరుస్తాయి. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదని మీ ఇంటి పిల్లలకూ పక్కింటి పిల్లలకూ కలిపి చెప్పండి. తెలియని కుక్క మీదకు వస్తే పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్ళలోకి చూడకుండా కదలక నిలబడాలని కూడా నేర్పండి.

పన్ను దిగినా, గోరు గీరినా, పుండు మీద నాకినా మొదటి మందు సబ్బు, నీళ్ళు. కుళాయి కింద పెట్టి 15 నిమిషాలు ధారగా కడగాలి. బట్టల సబ్బైనా ఫర్వాలేదు. రేబిస్ వైరస్ కుక్క చొంగలో ఉంటుంది, సబ్బుకు దాని పైపొర చెదిరిపోతుంది. కారం, సున్నం, పసుపు, పసరు ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. కడిగిన వెంటనే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సూది ఉచితం. ఇక్కడ మన పెద్దవాళ్ళను ఇంకా పట్టి పీడిస్తున్న భయం ఒకటుంది: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ పాత మందు 2005 నుంచి దేశంలోనే లేదు. ఇప్పుడు చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో. 0 అంటే మొదటి సూది వేసిన రోజు. రక్తం వచ్చేలా కరిస్తే దాంతోపాటు గాయం చుట్టూ సీరం, అంటే వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు, కూడా వెయ్యాలి. అక్కడ సీరం లేదంటే "రేపు రండి" అన్నారని ఊరుకోకుండా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి బయల్దేరండి. కుక్కకు సూది వేయించాం కదా అని మనిషి సూది మానకూడదు.

కరిచిన కుక్కను కొట్టి చంపకండి. కట్టేసి పదిరోజులు చూడండి. కరిచే నాటికి దాని చొంగలో రోగం ఉంటే ఆ పదిరోజుల్లోపే మంచం పట్టి చస్తుంది. పదిరోజులు దాటి నిక్షేపంగా తిరుగుతుంటే కరిపించుకున్నవాళ్ళకు మిగిలిన సూదులు అవసరమో కాదో డాక్టరు చెబుతారు. చంపేస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

పిచ్చికుక్క అంటే వీధులన్నీ తిరుగుతూ కనిపించినవాళ్ళనల్లా కరుస్తుందనే అనుకుంటాం. అసలు భయపడాల్సింది మూగగా వచ్చే రోగానికి. ఒక పెద్దమనిషి తన కుక్కను ఒళ్ళో పెట్టుకుని మా సెంటర్‌కు తెచ్చాడు. కింది దవడ వేలాడుతోంది, నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది, నీళ్ళు గిన్నెలో మూతి పెట్టి కూడా మింగలేకపోతోంది. "గొంతులో బొమిక ఇరుక్కుంది బాబూ, నేనూ మా అబ్బాయీ వేలు పెట్టి చూశాం, అందలేదు" అన్నాడు. ఆయన వేళ్ళ మీద పళ్ళు గీరుకున్న ఎర్రటి గీతలున్నాయి. కుక్కను గదిలో పెట్టి గొళ్ళెం వేసి, ఇంటిల్లిపాదినీ అప్పటికప్పుడు సూదులకు పంపించాం. మూడోనాటికి కుక్క పోయింది, మనుషులు క్షేమంగా ఉన్నారు. నీళ్ళంటే భయం మనిషికి వచ్చే లక్షణం. కుక్క నీళ్ళ దగ్గరకు వెళ్తోంది కదా, పిచ్చి కాదులే అనుకోవద్దు. దవడ జారి, గొంతు బొంగురుపోయి, మూల చీకట్లో దాక్కుంటున్న కుక్క నోట్లో చెయ్యి పెట్టొద్దు.

చిత్తకార్తె

అక్టోబరులో వచ్చే ఈ పదిహేను రోజులకు మన భాషలో ఉన్న పేరు ఊరికే రాలేదు. ఆడకుక్క వెంట ఏడెనిమిది మగవి పడి కొట్టుకుంటాయి, దారిన పోయేవాళ్ళు మధ్యలో ఇరుక్కుని కరిపించుకుంటారు. ఆ తర్వాత సుమారు 63 రోజులకు, మంచి చలిలో, పిల్లలు. వాటిలో ఎన్ని సంక్రాంతి చూస్తాయో మీకూ తెలుసు. జతకట్టి విడిపోలేని కుక్కల మీద రాళ్ళు రువ్వడం, వేడినీళ్ళు పోయడం మాన్పించండి. పావుగంట, అరగంటలో వాటంతటవే విడిపోతాయి. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల చీలిపోతుంది.

మీ ఇంటి కుక్కకు, ఆడదైనా మగదైనా, ఆరు నెలలు దాటాక డాక్టర్నడిగి ఆపరేషన్ చేయించెయ్యండి. "మగదానికెందుకు" అంటారు. గోడ దూకి వెళ్ళేది అదే కదా. వీధి కుక్కల్లో మర్మాంగం దగ్గర రక్తం కారే గడ్డ ఒకటి జత కట్టడం వల్లే ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది, అదీ ఇంటికి తెచ్చుకుంటుంది. ఆపరేషన్ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు ఆడకుక్క ఎదకు రాకుండా ఇంజెక్షన్ వేయిస్తారు. దానివల్ల గర్భసంచిలో చీము పట్టి, చివరికి అదే ఆపరేషన్ ప్రాణం మీదకు వచ్చాక చెయ్యాల్సి రావచ్చు. ఇక్కడ వీలుకాకపోతే బరంపురం ఉంది, ఆంధ్రా వైపు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

వీధి కుక్కలకు పెట్టేవాళ్ళకు

పెట్టండి, కానీ ఎదుటివాళ్ళ గుమ్మంలో కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది కూడా అదే. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, జనం నడిచే దారి వదిలేసి, వీధివాళ్ళంతా ఒప్పుకున్న ఒక మూల, ఒక వేళ చూసుకోవాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా తిండికి విడిగా చోట్లు చూపించాలని, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధి కుక్కలను తీసి షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. కాబట్టి బడి గేటు దగ్గర పెట్టే అలవాటుంటే మానుకోండి, వాటికే చేటు. విస్తరాకులో పెట్టి, తిన్నాక ఆకు ఎత్తెయ్యండి. నీళ్ళ తొట్టి రోజూ ఒలకబోసి నింపండి, లేకపోతే దోమల పెంపకం అవుతుంది. చెవి కొసన కోత ఉన్న కుక్క అంటే ఆపరేషన్ అయినట్టు. కోత లేనివి మీ వీధిలో ఎన్నున్నాయో లెక్క రాసి మున్సిపాలిటీకి అర్జీ ఇస్తే, "కుక్కలు ఎక్కువయ్యాయి" అని నోటితో చెప్పినదానికంటే పని జరుగుతుంది. ఇంటి కుక్కకు లైసెన్సు సంగతి కూడా అదే కౌంటర్లో అడిగెయ్యండి.

ఇక తిండి. అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, చికెన్ షాపులో దొరికే మెడలు, కాళ్ళు ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి ఎముక తీసేసినవి, ఇవి చాలు. మన చద్దన్నం, ఒరియావాళ్ళ పఖాళ కుక్కకు పెట్టొచ్చు గానీ అందులో నంజుకున్న ఉల్లిపాయ ముక్కలు కలిసినది వద్దు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తాన్ని విరిచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషమే. ఎండుచేప ముక్కలో మనం పట్టించుకోనంత ఉప్పుంటుంది. ఉడికిన ఎముక సూదిలా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. తినడం మానేసి, ఒళ్ళు కాలుతూ, చిగుళ్ళు తెల్లగా పాలిపోతే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదుల కోసం వెతకండి. కనపడినా కనపడకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి, పిడుదుల జ్వరం ఆగి ఆగి చంపుతుంది.

తుపాను

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన మీదుగా వెళ్ళింది. మర్నాడు చూస్తే విరిగిన చెట్ల కింద, పడిన రేకుల కింద కట్టేసిన పశువులు, కుక్కలు. విప్పి ఉంటే చాలావరకు తప్పించుకునేవి. తుపాను హెచ్చరిక రాగానే కుక్కను లోపలికి తెచ్చుకోండి. లోపల చోటు లేకపోతే గొలుసు తీసెయ్యండి, మెడకు బెల్టు మాత్రం ఉంచి దాని మీద చెరగని ఇంకుతో ఫోన్ నంబరు రాయండి. మహేంద్రతనయ నది పొంగి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తే తీసుకెళ్ళడానికి తాడు, మూతికి పాత చున్నీ గుడ్డ, మూడు రోజుల తిండి ఒక సంచిలో సర్దిపెట్టుకోండి. షెల్టర్లో జనం మధ్య ఎంత మంచి కుక్కైనా బెదురుతుంది. ఆ కాసేపు మూతికి గుడ్డ చుట్టి ఉంచితే పక్కవాళ్ళు కుదురుగా ఉంటారు. అయితే నోరు తెరిచి రొప్పేటప్పుడు గుడ్డ తీసెయ్యాలి, లేకపోతే వేడికి తట్టుకోలేదు. దీపావళి టపాసులకూ ఇంచుమించు ఇదే పద్ధతి. చీకటి పడకముందే తిప్పి తెచ్చి, లోపలి గదిలో ఫ్యాను వేసి, బెల్టు విప్పకుండా ఉంచండి. బెదిరి పారిపోయిన కుక్క పాతపట్నం వైపు వెళ్ళినా బెల్టు మీద నంబరుంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

సూదుల కార్డు తడిస్తే చదవడానికి వీలుండదు. రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి, పక్కింటి వదినగారికి కూడా ఒకటి పంపండి. మీరు ఊళ్ళో లేనప్పుడు అది ఎవరినైనా గీరితే ఆసుపత్రిలో ముందుగా అడిగేది దాని గురించే.